పళ్ల లెక్కలో దారి చరిత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రహదారులు – పాత బుల్లెట్ గేరింగు మార్పు

వ్యాస సంగ్రహం: పాత మోటారు సైకిలులో గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌ను ఒకటి రెండు పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్‌తో మార్చడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న పని. దీన్ని సాధారణంగా మరమ్మతుగానే చూస్తారు. వాహనం ఏ దారిలో, ఏ బరువుతో, ఏ వేగంతో నడిచిందో చెప్పగల చారిత్రక ఆధారంగా కూడా దీన్ని చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బుల్లెట్ 350 సీసీ వాహనాన్ని, పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన మూడు జిల్లాల దారులను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటుంది. ఈ మార్పు ఏ అధికారిక పత్రంలోనూ నమోదు కాదు. అందువల్ల కలిగే నష్టాన్ని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: బుల్లెట్, స్ప్రాకెట్, గేరింగు, రహదారి చరిత్ర, వరంగల్ జిల్లా, యంత్ర వారసత్వం.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ప్రాంత రవాణా చరిత్ర రాసినవారి దృష్టి ఎక్కువగా రైలు మీద, బస్సు మీద నిలిచింది. అది సహజమే. నిజాం ప్రభుత్వ రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైందని చెప్పడానికి పత్రాలున్నాయి. సొంత వాహనానికి అలాంటి పత్రాగారం లేదు. ఒక రైతు, ఒక ఉపాధ్యాయుడు, ఒక కాంట్రాక్టరు ముప్పై నలభై ఏళ్లు నడిపిన మోటారు సైకిలు గురించి ప్రభుత్వం దగ్గర ఉన్నది రిజిస్ట్రేషన్ పత్రం మాత్రమే. అందులో ఇంజిన్ సంఖ్య, ఛాసిస్ సంఖ్య, రంగు, యజమాని పేరు ఉంటాయి. ఆ బండి ఏ పనికి ఉపయోగపడిందో ఉండదు.

ఆ లోటును కొంతవరకైనా పూరించగల సాక్ష్యం బండిలోనే ఉంది. ఇంజిన్ బలాన్ని చైను ద్వారా వెనుక చక్రానికి అందించే అమరికను అంతిమ చోదనం అనవచ్చు. అందులోని స్ప్రాకెట్ల పళ్ల సంఖ్యే ఆ సాక్ష్యం. దాన్ని చదవాలంటే మొదట యంత్రం నిర్మాణం, తర్వాత అది నడిచిన దారి తెలియాలి.

2. యంత్రం: మద్రాసుకు వచ్చిన బుల్లెట్

ఇంగ్లండ్‌లోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ బుల్లెట్ అనే పేరును 1932లో మొదటిసారి వాడింది. నేడు మనకు తెలిసిన బుల్లెట్ మాత్రం రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత, 1949 నాటికి రూపుదిద్దుకున్నది. భారత సైన్యం తన అవసరాలకు దీన్ని ఎంచుకున్నాక 1955లో రెడిచ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో దాని కర్మాగారం వెలిసింది. మరుసటి ఏడాదే హైదరాబాద్ రాష్ట్రంలోని వరంగల్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. ఇంగ్లండ్‌లోని మాతృసంస్థ 1970 నాటికి మూతపడింది. మద్రాసులో మాత్రం దాదాపు అదే నిర్మాణం ఈ శతాబ్ది తొలి దశకం దాకా కొనసాగింది. ఒకే యంత్రం అర్ధ శతాబ్దం పాటు పెద్ద మార్పు లేకుండా రావడం వల్ల దాన్ని కొలబద్దగా వాడుకోవచ్చు. బండి దాదాపు మారలేదు, దారి మారింది. ఆ తేడా పడిన చోట్లలో స్ప్రాకెట్ ఒకటి.

ఈ ఇంజిన్ సిలిండర్ వ్యాసం 70 మి.మీ., పిస్టన్ నడక 90 మి.మీ.; ఘనపరిమాణం 346 సీసీ. వ్యాసం కన్నా నడక ఎక్కువ కావడం వల్ల తక్కువ చుట్ల దగ్గరే లాగుడు బాగా ఉంటుంది. శక్తి మాత్రం సుమారు 18 అశ్వశక్తి. దీనికి అమర్చిన నాలుగు గేర్ల పెట్టె ఆల్బియన్ నమూనాది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1932లో హైదరాబాద్ రోడ్ల మీద తిరిగిన ఆల్బియన్ బస్సు స్కాట్లాండ్ సంస్థది. ఈ గేర్‌బాక్స్ బర్మింగ్‌హామ్‌లోని వేరే సంస్థది. పేరు ఒకటైనంత మాత్రాన రెండింటినీ కలిపి చూడరాదు.

3. పళ్ల లెక్క

బుల్లెట్‌లో ఇంజిన్ బలం రెండు అంచెల్లో వెనుక చక్రానికి చేరుతుంది. మొదటి అంచెలో ఇంజిన్ స్ప్రాకెట్‌కు 25 పళ్లు, క్లచ్ స్ప్రాకెట్‌కు 56 పళ్లు. రెండవ అంచెలో గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కు 16 లేదా 17 పళ్లు, వెనుక చక్రానికి 38 పళ్లు. నాలుగో గేరులో గేర్‌బాక్స్ బలాన్ని నేరుగా పంపుతుంది కనుక మొత్తం నిష్పత్తిని ఈ నాలుగు సంఖ్యలతోనే లెక్కించవచ్చు. గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కు 16 పళ్లుంటే చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ 5.32 సార్లు తిరగాలి. 17 పళ్లుంటే 5.01 సార్లు, 18 ఉంటే 4.73 సార్లు చాలు. ఇంజిన్ ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం సాగే అమరికను ఈ వ్యాసంలో ‘దీర్ఘ గేరింగు’ అంటున్నాను.

19 అంగుళాల వెనుక చక్రం చుట్టుకొలత సుమారు 2.03 మీటర్లు అనుకుంటే, గంటకు 60 కి.మీ. వేగంలో ఇంజిన్ నిమిషానికి 16 పళ్లతో దాదాపు 2,620 సార్లు, 17తో 2,470 సార్లు, 18తో 2,330 సార్లు తిరుగుతుంది. 80 కి.మీ. వేగంలో ఆ సంఖ్యలు వరుసగా 3,490, 3,290, 3,110. పదహారు నుంచి పద్దెనిమిదికి మారితే చుట్లు పదకొండు శాతం తగ్గుతాయి. గంటసేపు ఒకే వేగంతో సాగే ప్రయాణంలో ఆ తేడా చేతికీ చెవికీ కూడా తెలుస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం కూడా అంతే. ప్రతి గేరులోనూ చక్రం దగ్గరి లాగుడు పదకొండు శాతం తగ్గుతుంది. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు క్లచ్ ఎక్కువసేపు జారాలి. ఎదురుగాలిలోనో, వెనుక మనిషితోనో నాలుగో గేరును పట్టుకొని లాగిస్తే ఇంజిన్ మూలుగుతుంది. అప్పుడు చుట్లు తక్కువే అయినా కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర బేరింగు మీద భారం తగ్గదు, పెరుగుతుంది. గరిష్ఠ వేగమూ తప్పక పెరుగుతుందని లేదు. శక్తి 18 అశ్వాలే కదా. దీర్ఘ గేరింగు వల్ల యంత్రానికి కొత్త బలమేమీ రాదు. ఉన్న బలం ఒక రకమైన దారికి ఎక్కువ అనువుగా, మరొక రకమైన దారికి తక్కువ అనువుగా మారుతుంది. చరిత్రకారుడికి ముఖ్యమైన విషయం ఇదే. పళ్ల సంఖ్య యజమాని దృష్టిలో ఏ దారి ప్రధానమో చెబుతుంది.

4. పనిలోని కష్టం, దాని అర్థం

వెనుక స్ప్రాకెట్ బుల్లెట్‌లో బ్రేకు డ్రమ్ముతో ఏకఖండంగా ఉంటుంది. దాన్ని మార్చాలంటే డ్రమ్మునే మార్చాలి. కాబట్టి మార్పు ముందు స్ప్రాకెట్‌కే జరుగుతుంది. అది క్లచ్ వెనుక దాగి ఉంటుంది. ఎడమవైపు ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీయాలి. ఒకే నట్టుతో బిగించిన ప్రైమరీ కవరును విప్పాలి. నూనె కారిపోతుంది. ఆల్టర్నేటరు, ప్రైమరీ చైను, క్లచ్, లోపలి కవరు తీశాకే స్ప్రాకెట్ కనబడుతుంది. బిగించేటప్పుడు ఇదంతా తిరిగి వరుసలో జరగాలి. చివరగా వెనుక ఇరుసు దగ్గరి నత్త ఆకారపు సర్దుబాటు బిళ్లలతో చైను బిగువును సరిచేయాలి.

విడిభాగం ఖరీదు తక్కువే అయినా శ్రమ ఎక్కువ. సరదాకు వారం వారం మార్చుకొనే వస్తువు కాదిది. ఒకసారి మార్చారంటే దాని వెనుక ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఉందని భావించవచ్చు. చైను, స్ప్రాకెట్లు అరిగి ఎలాగూ విప్పవలసి వచ్చినప్పుడే ఈ మార్పు చేయడం లాభసాటి కనుక, అది బండి జీవితంలోని ఒక సంధి దశను కూడా సూచిస్తుంది.

5. దారి: మూడు జిల్లాలు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ మూడు కేంద్రాలూ వరంగల్ జిల్లాలోనివే. జనగామ సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద, మానుకోటగా పిలిచే మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గం మీద ఉన్నాయి. దూర ప్రయాణానికి రైలు ఉన్నచోట మోటారు సైకిలు చేయవలసిన పని ఊరి నుంచి స్టేషనుకు, సంతకు, పొలానికి వెళ్లడం. కాకతీయుల కాలం నుంచీ చెరువుల నేల ఇది. బయ్యారం, గణపురం చెరువులు అందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. చెరువు కట్ట మీది దారి, మట్టి బాట, వెనుక ఒక మనిషి, పక్కన ఒక బస్తా ఉన్న ప్రయాణానికి 16 పళ్ల స్ప్రాకెట్ సరిగ్గా సరిపోతుంది. అక్కడ గంటకు 80 కి.మీ. అన్న ప్రశ్నే రాదు.

తర్వాత దారి మారింది. హైదరాబాద్ నుంచి జనగామ, వరంగల్, ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు సాగే 202వ జాతీయ రహదారికి 2010 నాటి పునఃసంఖ్యీకరణలో 163 అనే సంఖ్య వచ్చింది. జనగామ మీదుగా అది నాలుగు వరుసల దారి అయింది. వరంగల్–ఖమ్మం మార్గం తొర్రూరు, మరిపెడల మీదుగా 563వ జాతీయ రహదారిగా మారింది. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి సిరొంచకు పోయే దారి 353సి అయింది. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నందున ఆ దారిలో భారీ వాహనాల రద్దీ మరో కొత్త పరిస్థితి. లారీల మధ్య నిలకడగా సాగాలంటే బండికి ఒక వేగం కావాలి. లారీని దాటాలంటే లాగుడు కావాలి. దీర్ఘ గేరింగు మొదటి అవసరాన్ని తీరుస్తుంది, రెండవదాన్ని దెబ్బతీస్తుంది. కనుక జనగామ దగ్గరి విశాలమైన రహదారికి 18 పళ్లు నప్పినంతగా భూపాలపల్లి దారికి నప్పుతాయని అనలేం. ఒకే పూర్వ జిల్లాలో కూడా ‘సరైన’ గేరింగు ఒకటి కాదు.

డీజిల్ బుల్లెట్‌ను దీనితో పోల్చి చూడవచ్చు. 325 సీసీ ఇంజిన్, నిమిషానికి 3,600 చుట్ల దగ్గర 6.5 అశ్వశక్తి. అంతకుమించి తిరగలేని ఇంజినుతో ప్రయాణ వేగం అందుకోవాలంటే గేరింగు దీర్ఘంగా ఉండక తప్పదు. శక్తి స్వల్పం కనుక అది ఎంత దీర్ఘంగా ఉండవచ్చో దానికీ హద్దు ఉంది. ఇంధనం ఆదా కోసం వేగాన్ని వదులుకున్న వాహనం అది. పెట్రోలు బండికి 18 పళ్ల స్ప్రాకెట్ వేసినవారు దారి కోసం లాగుడును వదులుకున్నారు. రెండు చోట్లా గేరింగులో కనిపించేది యజమాని దేన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడన్నదే.

6. చట్టం చూపు, చూడని చోటు

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. 2021లో వచ్చిన కేంద్ర నియమాలు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలను ‘వింటేజ్’గా గుర్తించి, వాటికి ‘వీఏ’ అక్షరాల సంఖ్యను కేటాయించాయి. వాటిని నిత్య ప్రయాణానికి వాడరాదు.

స్ప్రాకెట్ ఈ నిర్వచనాల అంచున నిలుస్తుంది. పళ్ల సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండదు. వింటేజ్ నియమం పేర్కొన్న మూడు భాగాల్లోనూ అది లేదు. బుల్లెట్ వేగమాపకం చక్రం నుంచి నడుస్తుంది కాబట్టి మీటరులోనూ తేడా కనబడదు. నంబరు పలక పరిపాలనా చరిత్రను కొంత చెబుతుంది. వరంగల్‌కు ఏపీ 36, 2016 తర్వాత భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు టీఎస్ 26, జనగామకు టీఎస్ 27, 2024 నుంచి టీజీ. దారి చరిత్రను చెప్పే స్ప్రాకెట్‌కు మాత్రం ఎక్కడా నమోదు లేదు.

అందువల్ల నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది. సౌకర్యం కోరేవారు పాత స్ప్రాకెట్‌ను పాత ఇనుములో పడేసి 18 పళ్లది వేస్తారు. అసలు రూపం కోరేవారు, వెనకటి యజమాని ఎప్పుడో వేయించిన 18 పళ్ల స్ప్రాకెట్‌ను ‘తప్పు’గా భావించి తీసేసి 16 వేస్తారు. మొదటివారు కర్మాగార సాక్ష్యాన్ని, రెండవవారు వినియోగ సాక్ష్యాన్ని చెరిపేస్తారు. వారసత్వ పరిరక్షణ అనగానే మనం మొదటి నష్టాన్ని మాత్రమే చూస్తాం. ఊరి మనిషి తన బండిని తన దారికి తగినట్టు మలచుకున్న చరిత్ర రెండవదానిలో ఉంది. దానికి మరో ప్రతి దొరకదు.

7. ముగింపు

స్ప్రాకెట్ మార్చరాదని ఈ వ్యాసం అనడం లేదు. ఫ్రేమును కోయకుండా, ఇంజిన్‌ను తాకకుండా, తిరిగి పూర్వస్థితికి తేగల మార్పుల్లో ఇది ఒకటి. కోరేది ఒక్కటే: విప్పినప్పుడు పళ్లు లెక్కించి, తేదీతో, మీటరు అంకెతో, బండి చేసే పనితో సహా రాసి పెట్టాలి. తీసిన స్ప్రాకెట్‌ను బండితో పాటే ఉంచాలి. ప్రాంతీయ చరిత్ర మీద పనిచేసే పరిశోధకులు మౌఖిక కథనాలు సేకరించేటప్పుడు యజమానిని, మెకానిక్‌ను ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలి. పళ్ల సంఖ్య ఒక్కటే కథ చెప్పదు. విడిభాగం దొరకక ఉన్నది వేసి ఉండవచ్చు, బండి వేరే ప్రాంతం నుంచి కొన్నదై ఉండవచ్చు. మౌఖిక సాక్ష్యంతో సరిచూసినప్పుడే అది ఆధారమవుతుంది.

ఆ పాత బండ్లను కొత్తగా కొన్న తరం వృద్ధాప్యంలో ఉంది, వాటిని విప్పి బిగించిన మెకానిక్‌ల తరమూ అంతే. చెరువు కట్ట నుంచి నాలుగు వరుసల రహదారికి వచ్చిన మార్పును సొంత చేతులతో అనుభవించినవారు వాళ్లు. వాళ్లు చెప్పగలిగినంత కాలమే ఈ సంఖ్యలకు అర్థం తెలుసుకోగలం.