సినిమా ముందా, బాంబు ముందా?

మాది రొళ్ల. మడకశిర దాటాక కర్ణాటక బార్డర్లో ఉంటది. మా వీధిలో సగం కన్నడ, సగం తెలుగు. బీటెక్ హాస్టల్లో మొదటి రోజు నా పేరు కూడా అడగకుండానే ఒకడు అడిగాడు: "సీమా? మీ ఇంట్లో బాంబులుంటాయా బ్రో?" నేను బాంబు చూసింది సినిమాలోనే, వాడిలాగే.

సినిమా చూసి జనం కత్తులు పడతారా అని అందరూ అడుగుతారు కదా. మా జిల్లాలో వరుస చూడండి. పరిటాల శ్రీరాములును చంపింది 1975లో. 1993లో ఒక ఇంట్లో టీవీలో పెట్టిన బాంబు పేలి మనుషులు పోయారు. అప్పటికి ఫ్యాక్షన్ సినిమా అనే మాటే లేదు. 'ప్రేమించుకుందాం రా' వచ్చింది 1997 మేలో.

అదే ఏడాది నవంబర్ 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలింది. గురి పెట్టింది శ్రీరాములు కొడుకు, పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి మీద. ఆయన వచ్చింది దేనికి? తండ్రి కథతో తీస్తున్న 'శ్రీరాములయ్య' సినిమా పని మీద. రవి బతికాడు. ఇరవై మందికి పైగా చనిపోయారు, అందులో టీవీ ఛానెల్ వాళ్లూ ఉన్నారు. పగ సినిమాలోంచి రాలేదు, సినిమా దగ్గరికే వచ్చింది. ఊరి పెత్తనం, ఎలక్షన్లు, కాంట్రాక్టులు: కత్తులు పుట్టింది అక్కడ.

ఆ తర్వాత 'సమరసింహారెడ్డి', 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర'. సుమోలు గాల్లోకి లేచాయి. వానల్లేక వేరుశనగ ఎండిపోయి బెంగళూరు బస్సెక్కిన మా వాళ్లు మాత్రం ఏ ఫ్రేములోనూ లేరు.

మరి చూసేవాళ్ల మీద ప్రభావం లేదా? ఉంది. అమెరికాలో జార్జ్ గెర్బ్‌నర్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి టీవీ మీద పరిశోధన చేశాడు. హింస ఎక్కువ చూసేవాళ్లు బయటి ప్రపంచం నిజంగా ఉన్నదానికంటే భయంకరమైందని నమ్ముతారని ఆయన వాదన. హాస్టల్లో నన్నడిగినోడు అచ్చం అదే. వాడు కత్తి పట్టలేదు. సీమ అంటే కత్తి అని నమ్మాడంతే.

మేం తక్కువ తిన్నామా? స్కూల్లో క్రికెట్ గెలిస్తే తొడ కొట్టేవాళ్లం. ఎవరైనా సీమోడంటే కాలర్ ఎగరేసేవాళ్లం.

రవిని 2005 జనవరి 24న అనంతపురంలో చంపారు. 2010లో వర్మ 'రక్త చరిత్ర' రెండు భాగాలూ వచ్చాయి. రెండోది వచ్చిన నెల రోజులకే, 2011 జనవరిలో, మద్దెలచెరువు సూరిని హైదరాబాద్‌లో కాల్చి చంపారు. సినిమా వల్ల అనను. కానీ తెర మీద కథ ముగిసిందని మనం ఇంటికొచ్చేశాం, ఆ ఇళ్లలో ముగియలేదు.

2018లో 'అరవింద సమేత' చూశాను. నరుక్కోవడం ఆపమని చెప్పే సినిమా, ముసలమ్మ మాటలు బాగా గుచ్చుకున్నాయి. అయినా మొదటి ఫైట్‌కి హాల్లో గట్టిగా విజిల్ వేసింది నేనే.