థామస్ ఓడ దిగిన పంతుళ్లు

విదేశాలకు వెళ్లి ఇంగ్లీషు చెప్పడం ఈనాడు ఒక వృత్తి. డిగ్రీ చేతికి రాగానే ఆ దారి వెతుక్కునే యువకులు మన ఊళ్లలోనూ వున్నారు. తెలుగు చెప్పుకు బతికే బడిపంతులుగా వారిని తప్పుపట్టను. కాని ఇంగ్లీషు పంతుళ్లను ఓడకెత్తి ఒక ప్రభుత్వమే పరాయిదేశానికి పంపిన చరిత్రను మాత్రం మనం తెలుసుకోవాలి.

1898లో స్పెయిన్‌ను ఓడించిన అమెరికా, ఫిలిప్పీన్స్ దీవులను 2 కోట్ల డాలర్లకు రాయించుకుంది. ఫిలిప్పినోలు అంతకుముందే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. కనుక 1899 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది. అమెరికా సేనలు పట్టుకున్న ఊళ్లలో తొలి ఇంగ్లీషు పంతుళ్లు సైనికులే. విద్యకు నిధులడుగుతూ సైనిక గవర్నరు ఆర్థర్ మెకార్థర్, ఆ ఖర్చు సైనిక చర్యకు అనుబంధమనీ, జనాన్ని లొంగదీసేందుకనీ దాపరికం లేకుండా రాశాడు.

1901 జనవరి 21న వచ్చిన 74వ నంబరు చట్టం ఇంగ్లీషును బోధనభాష చేసింది. వెయ్యిమంది ఉపాధ్యాయులను అమెరికా నుంచి రప్పించడానికి అనుమతించింది. జీతం నెలకు 75 నుంచి 125 డాలర్లు. జూలై 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ‘థామస్’ అనే సైనిక రవాణా ఓడ, 500 మందికి పైగా ఉపాధ్యాయులతో ఆగస్టు 21న మనీలా చేరింది. ఆ ఓడ పేరుమీదనే వారు ‘థామసైట్లు’ అయ్యారు.

వీరందరినీ దుర్మార్గులుగా చిత్రిస్తే చరిత్రకు అన్యాయం చేసినట్లే. మారుమూల పల్లెల్లో బడులు నడిపారు, పేదపిల్లలకు అక్షరాలు దిద్దించారు. కలరాకు బలైనవారూ వున్నారు. అయితే అదే సంవత్సరం సమార్ దీవిలో, బలంగిగా తిరుగుబాటు తర్వాత, ఆయుధం పట్టగల ప్రతివాణ్ణీ చంపమనీ, పదేళ్లు దాటితే ఆ లెక్కలోకే వస్తాడనీ జనరల్ జేకబ్ స్మిత్ ఆజ్ఞాపించాడు. పలకా తుపాకీ ఒకే ప్రభుత్వం పంపినవి. పంతులు మంచితనం ఆ వ్యవస్థ స్వభావాన్ని మార్చలేకపోయింది.

ఫలితమేమిటి? అత్యధిక పిల్లలు కొద్దియేళ్లకే బడి మానేస్తున్నారనీ, పరాయిభాష చదువుకు పెద్ద అడ్డంకి అయిందనీ 1925లో మన్రో సంఘం తేల్చింది. ఇంగ్లీషు పట్టుబడిన కొద్దిమందే ఉద్యోగాలకూ అధికారానికీ ఎక్కారు. ఈ చదువు ఫిలిప్పినోను తన చరిత్రకే పరాయివాణ్ణి చేసిందని రెనాటో కాన్‌స్టాంటినో 1966లో అచ్చయిన వ్యాసంలో వాదించాడు.

మరో వింత చూడండి. దక్షిణ కొరియా విద్యార్థులు చవకగా ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఫిలిప్పీన్స్‌కు వస్తారు. కాని కొరియా ఇంగ్లీషు పంతుళ్లకిచ్చే వీసాకు ప్రధానంగా ఏడు దేశాలవారినే అర్హులుగా ఎంచింది. ఆ ఏడింటిలో ఫిలిప్పీన్స్ లేదు, మనమూ లేము. వందేళ్లకు పైగా ఆ భాషలో చదివినా దాని యాజమాన్యం చేతులు మారలేదు.

ఇంగ్లీషు వద్దనడం నా ఉద్దేశం కాదు. తరతరాలుగా చదువుకు దూరం చేయబడిన దళితుడు తన బిడ్డకు ఇంగ్లీషు కావాలంటే అది న్యాయమైన హక్కు. సంపన్నుల పిల్లలు ఇంగ్లీషులో చదువుతుండగా అతనికి మాతృభాషా మహిమ బోధించడం వంచన. ఫిలిప్పినో తల్లిదండ్రులు కోరినది వేరు, వారికి దక్కినది వేరు. వారి పిల్లల భాషను మరొక దేశపు కమిషన్ నిర్ణయించింది. ఏ భాష, ఎవరి నిర్ణయంతో, ఏ భాష స్థానంలో వస్తోంది? ఓడెక్కబోయే యువ ఉపాధ్యాయుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. ఇక్కడే వుండిపోయిన మనం కూడా దానికి జవాబు చెప్పవలసినవాళ్లమే.