కోత మీద కోత: గోదావరి డెల్టాలో సిజేరియన్, గర్భాశయ తొలగింపు - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో నడివయసు స్త్రీలు నలుగురు కూర్చుని ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటే రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి: ‘పెద్దాపరేషన్’, ‘గర్భసంచి తీయించుకోవడం’. మొదటిది సిజేరియన్ కాన్పు, రెండవది గర్భాశయ తొలగింపు. ప్రభుత్వ సర్వేలు ఈ రెండింటినీ వేర్వేరు పట్టికలలో చూపుతాయి. కానీ ఒకే స్త్రీకి రెండూ జరిగినప్పుడు మొదటి కోత రెండవ కోతలోని ప్రమాదాన్ని పెంచుతుంది. ఈ సంబంధం చారిత్రకంగా ఎలా ఏర్పడింది, దానిని రోగి భాష ఎలా మరుగుపరుస్తున్నది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ఒకే కత్తి కింద పుట్టిన రెండు చికిత్సలు

తల్లి హఠాత్తుగా మరణించి, గర్భంలో శిశువు కదులుతున్నట్లయితే ఉదరం చీల్చి శిశువును బయటికి తీయాలని సుశ్రుత సంహిత మూఢగర్భ ప్రకరణం చెబుతుంది. అది శిశువును కాపాడే కోత. తల్లిని కూడా కాపాడే కోత కోసం వైద్యం 19వ శతాబ్ది ఉత్తరార్ధం వరకు ఆగవలసి వచ్చింది. ఆనాటి వైద్యులు బిడ్డను తీసిన తర్వాత గర్భాశయాన్ని సాధారణంగా కుట్టకుండా వదిలేవారు. రక్తస్రావంతోనో, చీము పట్టడంతోనో తల్లి మరణించేది. 1876 మే 21న ఇటలీలోని పావియాలో ఎడ్వర్డో పోరో అనే వైద్యుడు బిడ్డతో పాటు గర్భాశయాన్ని కూడా తొలగించి తల్లిని బతికించాడు. అంటే తల్లిని నిలబెట్టిన తొలినాటి ప్రసిద్ధ సిజేరియన్‌లలో ఒకటి గర్భాశయ తొలగింపు కూడా. 1882లో జర్మనీలో మాక్స్ జాంగర్ గర్భాశయపు గోడను పొరలుగా కుట్టే పద్ధతిని ప్రతిపాదించిన తర్వాతే ఈ రెండు చికిత్సలూ విడిపోయాయి. గర్భాశయం దక్కింది, దాని మీద ఒక మచ్చ మిగిలింది. ఈ వ్యాసం ఆ మచ్చ గురించే.

డెల్టాకు ఆధునిక ప్రసూతి వైద్యం మిషన్ ఆసుపత్రుల ద్వారా చేరింది. లూథరన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ లిడియా వోర్నర్ 20వ శతాబ్ది తొలినాళ్లలో రాజమండ్రిలో స్త్రీలకు, శిశువులకు వైద్యశాల ఏర్పాటుకు పాటుపడ్డారు. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆ తర్వాతి దశాబ్దాలలో భీమవరం, అమలాపురం వంటి పట్టణాలలో నర్సింగ్ హోములు పెరిగాయి. అడ్డం తిరిగిన బిడ్డతో పడవ మీద కాలువ దాటవలసిన తరానికి ఇవి ప్రాణదాతలు. సిజేరియన్‌ను విమర్శించేటప్పుడు ఈ సంగతి మరవరాదు.

రెండు పట్టికలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సర్వేకు ముందు ఐదేళ్లలో జరిగిన కాన్పులలో 42.4 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించుకున్నవారు రాష్ట్రంలో 8.7 శాతం, దేశంలో 3.3 శాతం. తొలగింపు జరిగిన మధ్యస్థ వయస్సు దేశంలో సుమారు 35 ఏళ్లు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో ఈ చికిత్స దుర్వినియోగమవుతోందన్న ఆరోపణలు వచ్చాయి. దానితో పథకం కింద ప్రైవేటు ఆసుపత్రులకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం తర్వాత ఉపసంహరించింది. అనవసర తొలగింపులపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పునిచ్చింది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో స్వీకరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ వ్యాజ్యం ప్రస్తావించినవి బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్. గర్భాశయ తొలగింపులో అందరికంటే ముందున్న మన రాష్ట్రం అందులో లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 42.4, 8.7 అన్నవి ఒకే స్త్రీలను గురించిన అంకెలు కావు. నేడు గర్భాశయం లేని నలభై ఐదేళ్ల స్త్రీ కాన్పుల నాటికి సిజేరియన్లు ఇంత విరివిగా లేవు. గడచిన పదేళ్లలో పెద్దాపరేషన్ అయిన యువతులు ఇప్పుడిప్పుడే ముప్ఫైల మధ్యకు చేరుతున్నారు. తొలగింపుల వేగం తగ్గకపోతే రెండు కోతలూ ఒకే పొట్టపై కలిసేది రానున్న దశాబ్దంలోనే.

మచ్చ వద్ద జరిగేది

సిజేరియన్‌లో మూత్రాశయాన్ని కిందికి జరిపి, గర్భాశయపు కింది భాగాన్ని అడ్డంగా కోస్తారు. గాయం మానేటప్పుడు మూత్రాశయం ఆ మచ్చకు అతుక్కుపోవచ్చు. గర్భాశయాన్ని తొలగించే వైద్యుడు మొదట వేరుచేయవలసింది సరిగ్గా ఆ చోటునే. అతుకు గట్టిదైతే పొరల మధ్య దారి కనిపించదు, మూత్రాశయం చిరగవచ్చు. అప్పుడే గుర్తిస్తే అక్కడే కుట్టవచ్చు. గుర్తించకపోతే యోని ద్వారా మూత్రం నిరంతరం కారే దుస్థితి దాపురించవచ్చు. 2017లో ‘జామా సర్జరీ’ ప్రచురించిన డెన్మార్క్ అధ్యయనం 7,685 మంది స్త్రీలను పరిశీలించింది. పూర్వం సిజేరియన్ అయినవారికి, గర్భాశయం తొలగించిన తర్వాత మళ్లీ శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం, సహజ కాన్పులే అయినవారితో పోలిస్తే, దాదాపు మూడో వంతు ఎక్కువ. రెండు లేదా అంతకంటే ఎక్కువ సిజేరియన్లు అయినవారికి రక్తం ఎక్కించవలసి రావడం దాదాపు రెట్టింపు. ఎక్కువమంది క్షేమంగానే బయటపడతారన్నదీ నిజమే. కానీ అధిక రక్తస్రావం వంటి సమస్యలకు అనేక సందర్భాలలో మందులు, హార్మోన్ లూప్ వంటి మార్గాలు ఉన్నప్పుడు ఈ అదనపు ప్రమాదం నిర్ణయానికి ముందే చర్చకు రావాలి.

‘ఆపరేషన్’ అన్న ఒక్క మాట

తెలుగులో ‘కడుపుకోత’ బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి స్థిరపడిన పదబంధం. బిడ్డనిచ్చే కోతకు ఆ మాట వాడలేకనే కాబోలు, జనం ‘పెద్దాపరేషన్’ అన్నారు. ట్యూబెక్టమీ ‘పిల్లల ఆపరేషన్’ అయింది; పత్రికలలో ‘కు.ని. ఆపరేషన్’. తరచుగా సిజేరియన్‌తో పాటే ట్యూబెక్టమీ కూడా చేస్తారు కనుక “ఆపరేషన్ అయిపోయింది” అన్న ఒక్క వాక్యంలో రెండూ ఇమిడిపోతాయి. ఇక ‘గర్భసంచి’ అన్న పదంలో సంచి ఉంది. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాక అది ఖాళీ సంచి. ఖాళీ సంచిని దులిపి పారేయడానికి ఎవరూ పెద్దగా వెనుకాడరు. అండాశయాలనూ దానితో తీసేస్తే అకాలంలోనే ముట్లుడిగిపోతాయన్న సంగతి ఆ మాటలో ధ్వనించదు.

కోనసీమలోని మా పెద్దమ్మను గర్భసంచి పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు “ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా?” అని వైద్యురాలు అడిగారు. “ఏమీ లేవండి” అంది పెద్దమ్మ. పొత్తికడుపు మీది గీత చూపి ఇదేమిటని అడిగితే, “అది ఆపరేషన్ కాదండి, కాన్పండి” అంది. ఆమె అబద్ధమాడలేదు. ఆమె భాషలో అది కాన్పే. ఆ గీత లోపల ఎలాంటి కోత ఉన్నదో, ఎన్నిసార్లు కోశారో చెప్పగల డిశ్చార్జి కాగితం కోసం ఆ సాయంత్రం ఇనప్పెట్టె అంతా వెదికాం. బిడ్డ పుట్టిన వేళ రాసిన చీటీ దొరికింది. జాతకానికి కావాలి కనుక భద్రంగా ఉంది. ఆసుపత్రి కాగితం దొరకలేదు.