వడపోత బయటపెట్టిన విషం

మన ప్రాంతం నుండి కలకత్తాకు వెళ్ళే రైళ్ళలో కొన్ని షాలిమార్ స్టేషన్‌లోనే ఆగిపోతాయి. షాలిమార్ హౌరాలో, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉంది. నది దాటితే కలకత్తా. 1817లో ప్రపంచం మీద విరుచుకుపడిన మొదటి కలరా ఉప్పెన ఈ బెంగాల్ నేల నుండే బయలుదేరింది. కలరా ఎలా చంపుతుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఇక్కడే. ఆ జవాబును రాబట్టిన సాధనం ఒక మామూలు వడపోత.

జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1883 చివర కలకత్తా వచ్చి, 1884లో కలరాకు కారణమైన సూక్ష్మజీవిని వేరుచేశాడు. అది ఏదో విషాన్ని విడుదల చేస్తుందని ఊహించాడు గాని, నిరూపించలేకపోయాడు. అదే 1884లో పారిస్‌లో చార్లెస్ చాంబర్లాండ్ మెరుగుపూత లేని పింగాణీ గొట్టంతో ఒక వడపోత సాధనం తయారుచేశాడు. దాని రంధ్రాలలో నుండి ద్రవం దిగుతుంది, సూక్ష్మజీవులు దిగలేవు. 1888లో రూ, యెర్సిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు డిఫ్తీరియా క్రిములు పెరిగిన ద్రవాన్ని ఇలా వడకట్టారు. క్రిమి ఒక్కటీ లేని ఆ ద్రవం జంతువులను చంపింది. అంటే క్రిమి వదిలిన విషం వేరే ఉందన్నమాట!

మరి కలరా సంగతి? విషం క్రిమి శరీరంలోనే దాగి ఉంటుందని, క్రిమి చచ్చినప్పుడే బయటపడుతుందని చాలామంది నమ్మారు. ఏడు దశాబ్దాలు గడిచాయి. అప్పుడు కలకత్తాలో శంభునాథ్ డే ఒక సూటి ప్రశ్న వేసుకున్నాడు: రోగం పేగులో ఉంటే, విషాన్ని వెతకవలసింది పేగులోనే కదా? ఆయన కుందేలు చిన్నపేగులో ఒక ముక్కకు రెండు వైపులా దారం కట్టి, దానిలోకి కలరా క్రిములను ఎక్కించాడు. పేగు నీటితో ఉబ్బింది. ఈ పద్ధతిని 1953లో ప్రకటించాడు. తరువాత క్రిములను పూర్తిగా తొలగించిన వడకట్టిన ద్రవాన్నే ఎక్కించాడు. పేగు మళ్ళీ ఉబ్బింది! 1959లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితం వెలువడింది.

దీని విలువ ఏమిటో గమనించండి. తీవ్రమైన కలరాలో రోగి గంటకు లీటరు వరకు నీరు కోల్పోవచ్చు. పేగు గోడ చిరిగిపోయి కాదు, విషం ప్రేరణతో కణాలే నీటిని బయటకు పంపడం వల్ల. గోడ చెక్కుచెదరలేదు కాబట్టి చక్కెర, ఉప్పు కలిసిన నీటిని అది పీల్చుకోగలదు. ఈ అవగాహనకు ఇతరుల పరిశోధనలు తోడయ్యాయి. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనాబిస్ బృందం రోగులచేత ఆ ద్రావణాన్ని తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి.

డే వాడిన వడపోత ‘క్రిమి ఉందా, లేదా’ అన్నదే తేల్చగలదు. వడపోత దాటిన ద్రవంలోని అణువులను మళ్ళీ పరిమాణాన్ని బట్టి వేరుచేయాలంటే? కలరా క్రిమి పొడవు మైక్రోమీటరు పైమాట. దాని విషం అణువు కొన్ని నానోమీటర్లే. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. సాధారణ పొరలు తాము వేరుచేసే అణువుల కంటే వెయ్యి రెట్లకు పైగా మందం. పాలను పల్చటి గుడ్డలో వడకడితే మీగడ పైన నిలుస్తుంది, పాలు కిందికి దిగుతాయి. దూది దిండు గుండా పోస్తే? పాలలో సగం దిండే తాగేస్తుంది!

ఈ చిక్కుకు 2007లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరిష్కారం చూపారు. 15 నానోమీటర్ల మందం గల సిలికాన్ పూతను వేగంగా 700 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేస్తే, అందులో సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడి, పొరకు రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రాల సగటు వెడల్పును 5 నుండి 25 నానోమీటర్ల మధ్య నియంత్రించవచ్చు. ప్రోటీన్లను ఆపి, చిన్న అణువులను ఈ పొర అప్పటి పొరల కంటే పది రెట్లు వేగంగా పోనిచ్చింది. ఇంత పల్చని పొర పగలదా అన్న సందేహం మీకు రావచ్చు. మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పున్న కిటికీ మీద పరచిన పొర ఒక వాతావరణ పీడనాన్ని తట్టుకుంది. 2010లో బంగారు నానోకణాలను కూడా ఇటువంటి పొరతో పరిమాణం ప్రకారం వేరుచేశారు. అయితే ఇది ఇంట్లో మంచినీటికి పెట్టుకునే ఫిల్టరు కాదు. అతి కొద్ది ద్రవంతో పనిచేసే ప్రయోగశాల సాధనం.

శంభునాథ్ డేను 1978లో నోబెల్ సింపోజియంకు ఆహ్వానించారు. 1985లో ఆయన మరణించేనాటికి స్వదేశంలో పెద్ద పురస్కారం ఏదీ దక్కలేదు. ఆయన చేతిలో ఖరీదైన యంత్రం లేదు. దారం, కుందేలు, వడకట్టిన ద్రవం ఉన్నాయి. రేపు మీ ప్రయోగశాలలో వడపోత కాగితం మడిచినప్పుడు, పైన మిగిలినదాన్ని మాత్రమే చూసి ఊరుకోకండి. కింద బీకరులోకి దిగిన ద్రవంలో ఏముందో కూడా పరీక్షించండి.