ప్రహ్లాద నాటకం
ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ ఆడే ఒడియా జానపద నాటకం. ఇతివృత్తం భాగవతంలోని నరసింహావతార కథ. 19వ శతాబ్దంలో జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ పేరిట వెలసింది. అసలు కర్త ఆస్థానకవి గౌరహరి పరిచ్ఛా అనే వాదమూ ఉంది. 1936లో ఒడిశా విడిపోయాక జలంత్రకోట మద్రాసు వైపే మిగిలింది, నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. కాబట్టి నాటకంలో తెలుగు యక్షగానపు ఛాయలు కనిపించడం వింతేమీ కాదు.

వేదిక మెట్లుమెట్లుగా ఉంటుంది, పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. గాహకుడు పాటతో కథ నడుపుతాడు. మద్దెల, ముఖవీణ తోడు. నరసింహుడి ముసుగును మాత్రం పూజించాకే తొడుగుతారు. తొడుక్కున్నవాడికి పూనకం వస్తుంది. హిరణ్యకశిపుడి మీదికి నిజంగానే ఉరికే అతణ్ణి పలువురు పట్టుకుని ఆపుతారు.