‘ఏల?’ యను ప్రశ్నయు మన పాఠశాలలును

విద్యార్థులయందు స్వతంత్రాలోచనమును, నూతన కల్పనాశక్తిని పెంపొందింపవలయునను మాట యిప్పుడు ఎల్లెడల వినబడుచున్నది. 2020వ సంవత్సరమున వెలువడిన జాతీయ విద్యావిధానము సైతము దీనినే నొక్కి చెప్పినది. కాని యిది క్రొత్త చింత గాదు. ఇన్నూఱు సంవత్సరములకు పూర్వమే మన వీధిబడులను గూర్చి యీ చర్చ పుట్టినది. ఆ చరిత్రము నెఱిగినచో, విద్యకై మన సంఘము వెచ్చించు ధనము ఎచట సఫలమగునో, ఎచట నిష్ఫలమగునో తెలియగలదు.

1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరగు సర్ తామస్ మన్రోగారు రాజధానియందలి దేశీయ పాఠశాలల వివరములను పంపుడని కలెక్టరుల కాజ్ఞాపించిరి. బళ్లారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ గారు 1823లో పంపిన నివేదిక వానిలో మిక్కిలి విలువ గలది. ఆయన తెలుగునకు వ్యాకరణము రచించిన విద్వాంసుడు. ఆ జిల్లాలో నాడు 533 బడులును, వానియందు 6,641 మంది విద్యార్థులును ఉండిరి. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తొమ్మిది లక్షలకు మించిన జనసంఖ్యలో వేయింటికి ఏడుగురు మాత్రమే బడిలో నుండిరన్న మాట.

ఆ బడుల గుణములను కాంబెల్ గారు మఱుగుపఱుపలేదు. బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. ముందు నేర్చినవారు వెనుకవారికి పాఠము చెప్పుచుండిరి. ఈ రెండవ పద్ధతినే చెన్నపట్టణపు అనాథ బాలుర శాలయందు పనిచేసిన ఆండ్రూ బెల్ గారు అనుసరించి, 1797లో గ్రంథముగా ప్రకటించి, ఇంగ్లండులో వ్యాపింపజేసిరి. ఒరులకు చెప్పవలసినవాడు తాను గ్రహింపక తప్పదు గదా! ఇది మన వీధిబడి లోకమున కొసగిన కానుక.

అయినను ఒక పెద్ద లోపము గలదు. బాలుడు పద్యములు పెక్కు వల్లించును గాని, వాని యర్థము చిలుక యెఱిగినంతయే యెఱుగునని కాంబెల్ గారు వ్రాసిరి. కావ్యభాష వేఱు, ఇంటిభాష వేఱు. వివరించి చెప్పుటకు ఉపాధ్యాయునికే శక్తి చాలకుండెను. దీనికి తోడు దారిద్ర్యము. ఇంగ్లీషు వస్త్రముల దిగుమతిచే చేతిపనివారి జీవనము చెడగా, బిడ్డలను బడికి పంపు శక్తి తలిదండ్రులకు తగ్గెనని ఆ కలెక్టరే యొప్పుకొనిరి.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ లోపమును మరల ఎత్తి చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940). విద్యాశాలల పరీక్షాధికారియగు జే. ఏ. యేట్సు దొర, వ్రాతభాషకును వాడుకభాషకును ఇంత భేదమేల యని ప్రశ్నింపగా, పంతులుగారు ఆ ప్రశ్నను జీవితాంతము విడువలేదు. అంతకు పూర్వమే పర్లాకిమిడి యందు సవరల భాష నభ్యసించి, సవర బాలురకు వారి భాషయందే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. మాట యర్థముకానివాడు ప్రశ్నింపజాలడు. ప్రశ్నింపజాలనివాడు క్రొత్తది కల్పింపజాలడు. గ్రాంథికమునందు మమత గల మనవంటివారును కాదనరాని సత్యమిది.

అర్థము గ్రహించినంతమాత్రమున చాలదు, ధైర్యమును వలయును. రాజమహేంద్రవరమున తెలుగు పండితులుగా నున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ప్రథమ వితంతు వివాహము జరిపించినప్పుడు విద్యార్థులు వారికి తోడై నిలిచిరి. వెలివేయుదుమని బెదిరించినవారు ఎవరు? నాటి కులపెద్దలే. ఆ వివాదమున న్యాయము ప్రశ్నించిన పిన్నలయందుండెను గాని శాసించిన పెద్దలయందు లేదు. కులసంఘముగా కూడిన మనము ఈ సంగతిని మఱువరాదు.

మన పారితోషికములు మార్కులను చూచి యిచ్చుచున్నాము. మన వసతిగృహములయందు నిశ్శబ్దమునే క్రమశిక్షణ యనుకొనుచున్నాము. మార్కులు వలదని కాదు. ఒక విషయమును స్వంత మాటలతో వివరించి వ్రాసినవారికి కొంత బహుమానము కేటాయింపవలయును. వారమునకొక చర్చాసభ జరుపవలయును. పెద్ద విద్యార్థి చిన్నవానికి చదువు చెప్పు ప్రాచీన పద్ధతిని మరల నెలకొల్పవలయును. వీనికి అధిక ధనము అక్కఱలేదు, సహనము వలయును.

ఏలయన, ప్రశ్నింప నేర్చినవాడు పాఠమునొద్దనే ఆగడు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినను మన యిండ్లలో కట్నమేల నిలిచియున్నదని మన కుమార్తెయే యడుగవచ్చును. సంఘపు జమాఖర్చులను చూపుడని మన కుమారుడు కోరవచ్చును. అప్పుడు మనము కోపించితిమేని ఇన్ని విరాళములును చిలుకలకు పంజరములు చేయించినట్లగును. ఓర్పుతో ఉత్తరమిచ్చితిమేని మన సంఘమునకు నిజమైన విద్య లభించినట్లగును. పోషకులును, సోదర సోదరీమణులును ఈ మహాసభయందు దీనిని ఆలోచింతురుగాక!