మూడో బిడ్డ లెక్క

(ఇందులో మనుషులు కల్పితం. చట్టాలు, తీర్పులు, తేదీలు యథార్థం.)

2019 జనవరి. పాత కరీంనగర్ జిల్లాలో ఒక పంచాయతీ ఆఫీసు. సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వ్ అయింది. నామినేషన్ల స్క్రూటినీ నడుస్తోంది.

ఎదుటి వర్గం వాళ్లు ఒక జిరాక్స్ కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టారు. మంచిర్యాలలోని ఓ బడి ఇచ్చిన బోనాఫైడ్. పాప పుట్టింది 2006లో. తల్లి పేరు దగ్గర అభ్యర్థి పేరే ఉంది.

“ఈ పాప మీ బిడ్డేనా అమ్మా?” రిటర్నింగ్ ఆఫీసర్ అడిగాడు.

“నేనే కన్న సారూ. పురిట్లనే మా అక్కకు సాదుకోనిచ్చిన. నా ఇంట్ల ఉన్నది ఇద్దరే.”

“ఇచ్చినా లెక్కలోకి వస్తుందమ్మా.”

ఆమె బీడీలు చేసే మనిషి. మునివేళ్లకు తంబాకు రంగు పట్టింది. ఆ వేలితోనే కాగితాన్ని పక్కకు జరిపింది.

“ఇద్దరు ఆడపిల్లలైన్రు, మగపిల్లగాడు గావాలె అన్నది మా అత్తోళ్లు. మూడోది గూడ ఆడపిల్లనే అయింది. గట్ల కనుమన్నోళ్లను ఎవ్వలన్న ఆపుతున్నరా సారూ?”

ఆఫీసర్ దగ్గర నిబంధన ఉంది గానీ జవాబు లేదు. ‘తిరస్కరణ’ అని రాసి సంతకం పెట్టాడు.

ఆ నిబంధన 1994 మే 30న అమల్లోకి వచ్చిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం నాటిది. ఏడాది గడువిచ్చి, ఆపైన మూడో సంతానం కలిగితే పోటీకి అనర్హులన్నారు. ఆదిలాబాద్‌లోని తోటి, కొలాం ఆదివాసీ గూడేలకూ మినహాయింపు ఇవ్వలేదు. ఎమ్మెల్యేకు, ఎంపీకి మాత్రం పిల్లల లెక్కే లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో కైరోలో 179 దేశాలు కుటుంబ నియంత్రణలో బలవంతం కూడదని ఒప్పుకున్నాయి. అందులో మనమూ ఉన్నాం. 1996లో కేంద్రం ఆపరేషన్ల టార్గెట్లు ఎత్తేసింది. సర్పంచ్ మీద ఆంక్ష మాత్రం కదల్లేదు. 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు హర్యానాలోని ఇలాంటి చట్టాన్నే సమర్థించింది. బిడ్డను దత్తత ఇచ్చినా అనర్హత పోదంది. 2018 తెలంగాణ చట్టంలోకీ ఆ నిబంధన వచ్చి చేరింది.

బయటి ప్రపంచమూ ఒక్క మాట మీద నిలబడలేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, మన దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అయినా 1983లో ఐక్యరాజ్యసమితి తొలి జనాభా పురస్కారాన్ని ఇందిరాగాంధీకి, చైనా మంత్రి చియాన్ షిన్‌జోంగ్‌కు కలిపి ఇచ్చింది. 1985లో చైనాలో బలవంతాన్ని చూపి అమెరికా అదే సమితి జనాభా నిధికి డబ్బు కోసేయడం మొదలుపెట్టింది. చైనా ఒక్క బిడ్డ విధానాన్ని వదిలింది 2016లో, పనిచేసే చేతులు తగ్గుతున్నాయని తెలిశాక.

ఇక్కడా అంతే. తెలంగాణలో సంతాన సాఫల్య రేటు రెండు కంటే కిందికి దిగింది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలకు ముందు ఆర్డినెన్స్‌తో ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబరులోనే ఆ పని చేసింది. దానికి నెల ముందు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంకో ఆలోచన బయటపెట్టారు: ఇద్దరికి మించి పిల్లలున్నవారే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తేవడం.

నిన్న మూడో బిడ్డను కన్నందుకు ఆ బీడీలు చేసే మనిషిని ఆపారు. రేపు కననందుకు ఇంకొకామెను ఆపొచ్చు. కనాలా వద్దా అన్నది ఆమె ఇష్టమని ఒప్పుకోనంత కాలం, ఆంక్ష ఎత్తేసినా అది ప్రభుత్వాల అవసరం కోసమే.